మా ఇంట్లో మనిషే!

గోదావరి జిల్లాల్లో పాత రైతు కుటుంబాల ముచ్చట్లు మొదలైతే ఓ మాట తప్పకుండా దొర్లుతుంది. 'మా పెద్ద పాలేరు ఉండేవాడండీ... పాలేరేంటి, మా ఇంట్లో మనిషే!' అంటారు. ఆ మాట అబద్ధం కాదు. ఆ పాలేరు భుజాన ఎక్కి తీర్థాలకు వెళ్లిన పిల్లలే ఇప్పుడు తాతలై ఆ మాట చెబుతుంటారు. చెబుతున్నప్పుడు కొందరికి కళ్లు చెమరుస్తాయి కూడా.

మరి, ఇంట్లో మనిషి పెరట్లో ఎందుకు తిన్నాడు? అతనికి విడిగా ఓ సత్తు కంచం ఎందుకు? దాన్ని అతనే కడుక్కుని పశువుల పాకలో ఎందుకు పెట్టుకున్నాడు? ఇంట్లో పిల్లలంతా బడికి వెళుతుంటే ఆ మనిషి కొడుకు గేదెల వెంట ఎందుకు వెళ్లాడు?

ఇలాంటి ప్రశ్నలు మనవాళ్లే కాదు, సముద్రాల అవతల అమెరికావాళ్లూ వేసుకున్నారు. రెండు వందల ఏళ్లుగా అక్కడ బానిసత్వం మీద నవలలు, ఆత్మకథలు వస్తూనే ఉన్నాయి. వాటిలో కొరడా దెబ్బలు, సంతలో అమ్మకాలు, విడిపోయిన తల్లీబిడ్డలు ఉంటాయని అందరికీ తెలుసు. కానీ వాటిలో మంచివనిపించుకున్న పుస్తకాలు ఇంకో పని కూడా చేశాయి. బానిసకు ఏం జరిగిందో చెబుతూనే యజమానికి ఏం జరిగిందో కూడా చూపించాయి. ముఖ్యంగా... మంచి యజమానికి!

దయగల దొర చచ్చిపోతే?

హ్యారియెట్ బీచర్ స్టోవ్ రాసిన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' 1852లో పుస్తకంగా వచ్చింది. ఒక్క ఏడాదిలో అమెరికాలోనే మూడు లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. ఆ నవల పేరు చెబితే గుర్తొచ్చే దుర్మార్గుడు సైమన్ లెగ్రీ. కానీ కథ అతనితో మొదలుకాదు. షెల్బీ అనే పెద్దమనిషితో మొదలవుతుంది. షెల్బీ కొరడా పట్టే రకం కాదు. టామ్ అంటే అతనికి ఎంతో నమ్మకం. ఆ ఇంట్లో టామ్ కూడా 'ఇంట్లో మనిషే'. అయితే షెల్బీకి అప్పులయ్యాయి. అప్పులవాడు తలుపు తట్టాడు. అంతే! ఇంట్లో మనిషి కాస్తా ఇంట్లో వస్తువు అయిపోయాడు. టామ్‌ను అమ్మేశారు.

తర్వాత టామ్ ఇంకో మంచివాడి దగ్గరికి చేరతాడు. అతని పేరు సెయింట్ క్లేర్. బానిసత్వం తప్పని తెలిసినవాడు. టామ్‌కు స్వేచ్ఛ ఇస్తానని మాట కూడా ఇస్తాడు. కాగితాలు రాయడం మాత్రం ఇవాళ, రేపు అంటూ వాయిదా వేస్తాడు. ఈలోపు ఓ గొడవలో కత్తిపోటుకు గురై హఠాత్తుగా చనిపోతాడు. అతని భార్య టామ్‌ను వేలానికి పెడుతుంది. అక్కడ కొన్నవాడే లెగ్రీ.

గమనించారా? టామ్‌ను లెగ్రీ దాకా నడిపించింది ఇద్దరు మంచివాళ్లు. వాళ్ల దయ దొంగ దయేమీ కాదు. కానీ దానికి పునాది లేదు. దొర బాగున్నంత కాలమే అది ఉంటుంది. దొర అప్పులపాలైనా, చచ్చిపోయినా దయ కూడా పోతుంది.

ఈ సంగతినే నూటముప్పై ఏళ్ల తర్వాత టోనీ మారిసన్ ఇంకా లోతుగా తవ్వారు. ఆమె నవల 'బిలవ్డ్' 1987లో వచ్చింది. 1993లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నవలలో గార్నర్ అనే యజమాని ఉంటాడు. మిగతా దొరలు తమ బానిసల్ని కుర్రాళ్లని పిలుస్తుంటే, ఈయన మాత్రం 'మావాళ్లు మగాళ్లు' అని గొప్పగా చెప్పుకుంటాడు. వాళ్ల మాట వింటాడు. తుపాకీ కూడా పట్టనిస్తాడు. ఆయన పోయాక స్కూల్ టీచర్ అనే చుట్టం వచ్చి పెత్తనం తీసుకుంటాడు. అతను చదువుకున్నవాడే. తన శిష్యుల చేత ఓ కాగితం మీద రెండు వరుసలు రాయిస్తాడు. ఒకవైపు బానిసల్లోని మనిషి లక్షణాలు, ఇంకోవైపు జంతువు లక్షణాలు!

అప్పుడు పాల్ డి అనే బానిసకు ఓ సందేహం వస్తుంది. మనం మగాళ్లమన్నది నిజంగా మన సంగతేనా, లేక గార్నర్ అన్నాడు కాబట్టేనా? ఇచ్చినవాడు పోతే పోయే గౌరవం గౌరవమేనా? నవలలో ఇది చాలా చిన్న చోటు. కానీ పుస్తకం మూసేశాక కూడా వదలదు.

దొరసాని ఎలా మారిపోయింది?

ఫ్రెడరిక్ డగ్లస్ బానిసగా పుట్టి, 1838లో పారిపోయి, 1845లో తన కథను తానే రాసుకున్నాడు. ఆ చిన్న పుస్తకంలో సోఫియా ఆల్డ్ అనే ఆమె గురించి రాసిన పేజీలు చదివి తీరాలి. బాల్టిమోర్‌లో డగ్లస్ చిన్నప్పుడు పనిచేసిన ఇంటి ఇల్లాలు ఆమె. అంతకుముందు ఆమె చేతికింద బానిస అనేవాడే లేడు. కాబట్టి బానిసతో ఎలా ఉండాలో ఆమెకు తెలియదు. అందరు పిల్లల్ని చూసినట్టే ఈ పిల్లాణ్నీ చూసింది. అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది.

భర్తకు తెలిసింది. మండిపడ్డాడు. చదువు వచ్చిందంటే వీడు బానిసగా పనికిరాడన్నాడు. ఆమె పాఠాలు ఆపేసింది. అక్కడితో ఆగలేదు. కొన్నాళ్లకు భర్తను మించిపోయింది. పిల్లాడి చేతిలో పేపరు కనబడితే చాలు, విసురుగా వచ్చి లాక్కునేది. బానిసత్వం తనకెంత చెరుపు చేసిందో ఆమెకూ అంతే చెరుపు చేసిందంటాడు డగ్లస్. దెబ్బలు తిన్నవాడు ఆ మాట అన్నాడంటే ఆలోచించాలి!

అంటే ఏమిటి? పెత్తనం అనేది పుట్టుకతో వచ్చే గుణం కాదు. నేర్చుకునేది. సోఫియా పెద్దయ్యాక నేర్చుకుంది. చాలామంది మాత్రం ఉగ్గుపాలతోనే నేర్చుకుంటారు. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన 'నోట్స్ ఆన్ ది స్టేట్ ఆఫ్ వర్జీనియా'లో ఈ సంగతే రాశాడు. తండ్రి బానిస మీద చిందులేస్తుంటే పక్కనే ఉన్న పిల్లవాడు చూస్తాడు. చూసి, తనకంటే చిన్న బానిస పిల్లల మీద అదే చేస్తాడు. అలా పెరిగినవాడు చెడిపోకుండా ఉంటే అద్భుతమే అన్నది ఆయన భావం. ఇంత తెలిసిన జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలకు యజమాని. అందులో విడుదల చేసింది కొద్దిమందినే. తెలియడం వేరు, వదులుకోవడం వేరు.

'అండి' ఎవరికి?

ఇక మన ఊళ్లోకి వద్దాం.

రాయవరం, మండపేట నుంచి గౌతమి దాటి కొత్తపేట, అమలాపురం, రాజోలు దాకా ఎటు చూసినా పచ్చదనమే. రాయవరం మండలంలోని పసలపూడి అయితే వంశీ కథల పుణ్యమా అని తెలుగువాళ్లందరికీ సొంత ఊరైపోయింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల రాత మారింది. కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలున్నాయి. ఉండాల్సిందే. కానీ కాలవలో నీళ్లొస్తే వరి దానంతట అది పండదు కదా! బురదలో దిగి దమ్ము చేసినవాళ్లు, నాట్లు వేసినవాళ్లు, కోసినవాళ్లు, కుప్ప వేసినవాళ్లు, రాత్రి కళ్లంలో కాపలా పడుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మాలపల్లెల నుంచీ, మాదిగవాడల నుంచీ వచ్చినవాళ్లే. వాళ్లకు మాత్రం ఏ ఊళ్లోనూ విగ్రహం కనబడదు.

పాలేరుతనం అంటే ఏడాది లెక్కన ఒప్పందం. జీతం చాలాచోట్ల ధాన్యంగా కొలిచేవారు. మధ్యలో పెళ్లో, జబ్బో, చావో వస్తే ఆసామి దగ్గరే అప్పు. అప్పు తీరేదాకా వేరే గుమ్మం తొక్కడానికి లేదు. తండ్రి అప్పు తీరకపోతే కొడుకు చిన్న పాలేరుగా చేరేవాడు. అన్ని ఇళ్లలోనూ ఒకేలా ఉందని చెప్పలేం. బాగా చూసినవాళ్లు ఉన్నారు, చూడనివాళ్లు ఉన్నారు. కానీ షెల్బీ కథ చెప్పేది అదే కదా, బాగా చూడటమా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదని!

గోదావరి మర్యాద గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. మాటకు ముందు 'ఆయ్', వెనక 'అండి' లేకుండా ఇక్కడివాళ్లు మాట్లాడరని సినిమాల్లో జోకులు కూడా వేస్తారు. ఒక్కసారి ఆలోచించండి. ఆ 'అండి' ఎటు నుంచి ఎటు వెళ్లేది? ఆరేళ్ల పిల్లాడు అరవయ్యేళ్ల పాలేరును 'ఒరేయ్' అనేవాడు. అరవయ్యేళ్ల మనిషి ఆ పిల్లాణ్ని 'చినబాబుగారండీ' అనేవాడు. ఊళ్లో ఒకరి పేరు చివర 'గారు', ఇంకొకరి పేరు చివర 'గాడు'. మధ్యలో తేడా ఒకే ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరాన్ని ఏ బడిలోనూ నేర్పలేదు. జెఫర్సన్ చెప్పినట్టు, నాన్నను చూసి పిల్లాడు నేర్చుకున్నాడు. అటువైపు పిల్లాడు కూడా వాళ్ల నాన్నను చూసే నేర్చుకున్నాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకోవడం, చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాటడం.

అలెక్స్ హేలీ 'రూట్స్' నవలను సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగులోకి తెచ్చారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఆ పుస్తకం మన దగ్గర ఇంటింటా చదివిన అనువాదాల్లో ఒకటి. అందులో ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన కుంటా కింటేకు యజమానులు 'టోబీ' అని పేరు పెడతారు. అతను మాత్రం తన పేరును మనసులో దాచుకుంటాడు. కూతురికి చెబుతాడు. ఆమె కొడుక్కి చెబుతుంది. తెలుగు పాఠకులకు ఆ పుస్తకం అంతలా పట్టడానికి కారణం ఒక్క ఆఫ్రికా కథే అనుకోలేం. పేరు పోగొట్టుకోవడం అంటే ఏమిటో తెలిసిన ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి. రేషన్ కార్డులో వెంకటేశ్వర్లు, ఊళ్లో వెంకడు!

సంగదాసు, రామానాయుడు

ఈ సంగతులు తెలుగులో ముందుగా పట్టుకున్న పెద్ద నవల 'మాలపల్లి'. పుల్లరి సత్యాగ్రహంలో జైలుకెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైల్లో కూర్చుని దీన్ని రాశారు. 1922లో వచ్చింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ ఆ నిషేధం పూర్తిగా తొలగలేదు.

రామదాసు మాలపల్లెలో భక్తుడు. అతని చిన్న కొడుకు సంగదాసు, చౌదరయ్య ఇంట్లో పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి సంగదాసు పాలేరు కాదు, స్నేహితుడు. ఇద్దరూ కలిసి లోకం గురించి మాట్లాడుకుంటారు. ఊళ్లో కూలి తగాదా వస్తుంది. ధాన్యం ధర పెరిగింది కాబట్టి కూలి డబ్బుగా ఇస్తామంటారు ఆసాములు. కూలీలు కాదంటారు. సంగదాసు వాళ్ల పక్షాన నిలబడతాడు. చౌదరయ్య కోపంలో కొట్టిన దెబ్బకు ఆ కుర్రాడు ప్రాణాలు వదులుతాడు.

ఇక్కడ ఉన్నవవారి గొప్పతనం చూడండి. చౌదరయ్యను రాక్షసుడిగా చేసి చేతులు దులుపుకోలేదు. అతను ఊళ్లో మామూలు పెద్ద రైతు. ఆస్తి మీద ప్రేమ, మాట చెల్లాలన్న పట్టుదల, తన పాలేరు తనకు ఎదురు నిలిచాడన్న అవమానం... ఇవన్నీ కలిసి ఆ చేతిని లేపాయి. ఆ దెబ్బకు పాలేరు ఇల్లే కూలిందా అంటే, లేదు. రామదాసు కుటుంబం చెల్లాచెదురైంది. పెద్ద కొడుకు వెంకటదాసు దొంగల నాయకుడయ్యాడు. అటు చౌదరయ్య ఇల్లూ నిలవలేదు. కొడుకు తండ్రి దారిలో నడవలేదు. సంగదాసు పేరు మీద సంగపీఠం వెలిసింది. నవలకు 'సంగవిజయం' అనే రెండో పేరు అందుకే.

రామానాయుణ్ని చూస్తే స్టోవ్ నవలలో షెల్బీ కొడుకు జార్జ్ గుర్తొస్తాడు. టామ్‌ను తిరిగి కొనుక్కొస్తానని వెతుక్కుంటూ వెళ్లిన జార్జ్, చేరేసరికి టామ్ కొనఊపిరితో ఉంటాడు. జార్జ్ ఇంటికొచ్చి తమ దగ్గరున్న బానిసలందరినీ విడుదల చేస్తాడు. ఇద్దరు కొడుకులదీ ఒకే నిర్ణయం. 'మా నాన్న మంచివాడే' అని సర్దుకోలేదు. తండ్రి దగ్గర నేర్చుకున్న దాన్ని వదిలించుకున్నారు. అయితే రెండు కథల్లోనూ అందుకు మూల్యం చెల్లించింది మాత్రం ఆ కొడుకులు కాదు, టామ్, సంగదాసు!

గడీ గోడల వెనుక

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. హ్యారియెట్ జేకబ్స్ 1861లో మారుపేరుతో తన ఆత్మకథ ప్రచురించింది. పదిహేనేళ్లు వచ్చేసరికి యజమాని కన్ను పడింది. ఆ ఇంటి ఇల్లాలికి అది తెలుసు. తెలిసి ఏం చేసింది? భర్తను నిలదీయలేకపోయింది. ఆ పిల్ల మీదే పగబట్టింది. తప్పించుకోవడానికి హ్యారియెట్ తన అమ్మమ్మ ఇంటి అటక మీద దాక్కుంది. నిలబడటానికి కూడా ఎత్తు చాలని ఆ చోట దాదాపు ఏడేళ్లు! కింద ఆడుకుంటున్న తన పిల్లల్ని చిన్న కంతలోంచి చూసుకునేది.

తెలంగాణ గడీల్లో ఇలాంటి జీవితాలకు ఓ పేరే ఉండేది. ఆడబాప. దొర కూతురికి పెళ్లి చేసి పంపేటప్పుడు సారెతో పాటు ఆడపిల్లల్ని కూడా పంపేవారు. మంచం, బిందె, పిల్ల! ఆమెకు పెళ్లి లేదు. ఇల్లు లేదు. పుట్టిన పిల్లలకు తండ్రి పేరు లేదు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవలలో ఆ గడీ తలుపులు తెరిచి చూపించారు. ఆయన అందులో రాసింది నిజాం రాజ్యంలో తాను పెరుగుతూ చూసిన లోకాన్ని. అందులో ఆడబాప వనజ ఉంటుంది. దొర ఉంటాడు. ఊరందరికీ దేవుడే, కానీ చిల్లర దేవుడు! ఆ పేరులోనే యజమాని మీద తీర్పు ఉంది. ఊరంతా మొక్కితే తప్ప నిలబడలేనివాడు దేవుడెలా అవుతాడు? నలుగురు చాకిరీ చేస్తే తప్ప పూట గడవనివాడు దొరెలా అవుతాడు? గడీలో మంచినీళ్లు తాగాలన్నా ఒకరు తెచ్చివ్వాలి. వెట్టి ఆగిపోయిన రోజున ఆ దొరలకు ఏం చేయాలో తోచకపోవడంలో వింతేముంది!

చదువొస్తే పనికిరాడు!

డగ్లస్ యజమాని భయపడింది ఒక్కదానికే. చదువుకు. అమెరికా దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసకు చదువు నేర్పడం చట్టప్రకారం నేరం. మన దగ్గర అలాంటి చట్టం లేదు. అవసరం రాలేదు. ఏడేళ్ల పిల్లాడి చేతికి పశువుల కర్ర ఇస్తే సరిపోయింది.

ఆ కర్రను పక్కన పెట్టి పలక పట్టినవాడి కథ కోనసీమలోనే పుట్టింది. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాశారు. పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద అధికారి కావడం అందులో కథ. ఇవాళ వింటే మామూలుగానే ఉంటుంది. స్వాతంత్ర్యానికి ముందు ఆ రోజుల్లో ఊరి మధ్య పందిట్లో అది ఆడుతుంటే ఎలా ఉండి ఉంటుందో ఊహించండి! ముందు వరసలో ఆసాములు, వెనక దూరంగా పాలేర్లు. వేదిక మీద పాలేరు కుర్చీలో కూర్చున్నాడు! ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపినవాళ్లున్నారని పెద్దలు చెబుతారు. భీమన్న 'గుడిసెలు కాలిపోతున్నాయి' కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2001లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు 'పాలేరు నుంచి పద్మశ్రీ వరకు'. పాలేరు అన్న మాటను దాచుకోలేదు. ముందే పెట్టుకున్నారు.

ఆయనకంటే ముందు రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ఇంకో అడుగు వేశారు. గరిమెళ్ల సత్యనారాయణ 'మాకొద్దీ తెల్ల దొరతనము' అని పాడుతుంటే, ధర్మన్న 'మాకొద్దీ నల్ల దొరతనము' అని పాట కట్టారు. తెల్లవాడు పోతే సరిపోతుందా, ఊళ్లో దొర సంగతేంటని అడిగారు.

రెండూ ఒకటేనా?

ఇక్కడ ఓ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. అమెరికా బానిస, గోదావరి పాలేరు ఒకటి కాదు. అక్కడ మనిషిని సంతలో నిలబెట్టి, పళ్లు చూసి, వేలం పాడి కొన్నారు. 1860 జనాభా లెక్కల్లో అక్కడ దాదాపు 40 లక్షల మంది బానిసలు. 1865లో రాజ్యాంగ సవరణ చేస్తే గానీ ఆ వ్యవస్థ పోలేదు, అదీ ఓ పెద్ద యుద్ధం తర్వాత. పాలేరును ఎవరూ సంతలో అమ్మలేదు. అతనికి తన ఇల్లు, తన పిల్లలు, తన పేట ఉన్నాయి.

అలాగని మనది తేలికైన సంగతని చెప్పడానికీ లేదు. మహారాష్ట్రలో జోతీరావు ఫూలే 1873లో తన 'గులాంగిరీ' పుస్తకాన్ని బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. మనవాళ్లూ అలా చేస్తే బాగుండునన్నది ఆయన ఆశ. అంబేడ్కర్ ఇంకో కోణం చూపించారు. బానిస యజమాని ఆస్తి కాబట్టి, వాడు చస్తే తనకే నష్టమని యజమాని తిండైనా పెట్టేవాడు. అంటరానివాడు చస్తే ఎవరికీ నష్టం లేదు. కాబట్టి అతని బాగోగులు ఎవరికీ పట్టలేదంటారాయన. పైగా బానిసత్వం చట్టంతో పోతుంది. కులం చట్టంతో పోదు.

మన దేశంలో 1843 చట్టంతో బానిస మీద యాజమాన్యాన్ని కోర్టులు గుర్తించడం మానేశాయి. 1860 శిక్షాస్మృతి దాన్ని నేరం చేసింది. అయితే అప్పు నేరం కాదు కదా! మనిషిని కట్టిపడేసే పని తాడు బదులు ప్రోనోటు చేసింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం రాగానే పని అయిపోలేదు. ఆ అప్పులు చెల్లవని ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి ఆ పని నెత్తికెత్తుకున్నారు కాబట్టి చాలామంది దాకా అది చేరింది.

కువైట్ విమానం

ఇప్పుడు పాత తరహా పాలేర్లు దాదాపు కనబడరు. ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చాయి. పాలేరు మనవళ్లలో టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు. మరి, 'ఇంట్లో మనిషి' అన్న మాట కూడా పోయిందా?

పోలేదు. విమానం ఎక్కింది! కోనసీమ ఊళ్ల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు కువైట్‌కూ, మస్కట్‌కూ, దుబాయ్‌కీ ఇంటిపనికి వెళతారు. వాళ్లు పంపిన డబ్బుతో ఇక్కడ డాబాలు లేచాయి, పిల్లలు ఇంజనీరింగ్ చదివారు. వెళ్లేముందు ఏజెంటు చెప్పే మాట ఒకటే. 'మంచి ఇల్లమ్మా, ఇంట్లో మనిషిలా చూసుకుంటారు.' చాలామందిని నిజంగానే బాగా చూసుకుంటారు. కానీ చూసుకోకపోతే? అక్కడ వీసా కఫీల్ చేతిలో ఉంటుంది. అతను ఒప్పుకోకుండా ఇల్లు మారడం కష్టం. కువైట్‌లో 2015లో వచ్చిన చట్టం పనిమనిషి పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని చెప్పింది. వారానికో రోజు సెలవు ఇవ్వాలంది. నాలుగు గోడల మధ్య ఆ చట్టం అమలవుతోందో లేదో చూసేదెవరు? మళ్లీ అంతా ఇంటివాళ్ల మంచితనం మీదే ఆధారపడుతోంది. షెల్బీ మంచివాడే. గార్నరూ మంచివాడే!

అంత దూరం ఎందుకు? మన అపార్ట్‌మెంట్లలో పనమ్మాయికి విడిగా ఉండే గ్లాసు సంగతో! పండక్కి చీర పెడతాం, పిల్ల ఫీజు కడతాం. మంచిదే. కానీ నెలలో నాలుగు సెలవులు ఆమె హక్కుగా అడిగితే మన మొహం ఎలా మారుతుందో ఓసారి అద్దంలో చూసుకోవాలి. ఇచ్చేటప్పుడు సంతోషంగా ఉండే మనమే, అడిగేటప్పటికి చిన్నబుచ్చుకుంటాం. సోఫియా ఆల్డ్ మారింది కూడా సరిగ్గా అక్కడే. దయ చూపించినంతసేపూ ఆమె దేవతే. ఆ పిల్లాడు తనంతట తాను పేపరు పట్టుకునేసరికి ఓర్చుకోలేకపోయింది.

తాతలు చేసినదానికి మనవళ్లు తలవంచుకుని కూర్చోమని ఎవరూ అడగడం లేదు. ఈ పుస్తకాలు కూడా అది అడగవు. ఓ చిన్న విషయం గమనించమంటాయి, అంతే. 'మా ఇంట్లో మనిషే' అన్న మాటను ఎప్పుడూ ఇంటివాళ్లే చెబుతారు. ఆ మనిషి చెప్పగా మనం వినలేదు. డగ్లస్, జేకబ్స్, భీమన్న చేసింది ఆ రెండో గొంతు వినిపించడమే.

ఆ గొంతు పుస్తకాల్లోనే కాదు, మన ఊళ్లలోనూ ఇంకా ఉంది. పాలేరుతనం చేసినవాళ్లు, చేసినవాళ్ల పిల్లలు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో అరుగుల మీద కూర్చుని ఉన్నారు. ఏ ఇంట్లో ఎన్నేళ్లు చేశారు, ఏడాదికి ఎంత కొలిచారు, అప్పు ఎప్పటికి తీరింది, బడి ఎందుకు మానేశారు... వాళ్లకన్నీ గుర్తే. ఈసారి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కాసేపు వాళ్ల దగ్గర కూర్చోండి. 'తాతగారూ' అని పిలిచి మొదలుపెట్టండి. ఆ తర్వాత మధ్యలో అడ్డుపడకుండా వినండి.